నాలుగో డబ్బా

నాసిక్,
12 నవంబరు 1998

ఒసే రాజ్యం,

ఇద్దరు పిల్లల తల్లిని ఇంకా ఒసే అంటుందేమిటని మీ ఆయన మూతి ముడుస్తాడేమో, ఈ ముక్క ఆయనకు చదివి వినిపించకు. నేను బాగానే ఉన్నాను. ఇక్కడ చలి మొదలైంది. ద్రాక్షపళ్ళు తప్ప ఈ ఊళ్ళో నాకు నచ్చింది ఇంకా ఏమీ లేదు.

లారీ పార్సిల్లో చిలకలూరిపేటకు ఒక అట్టపెట్టె పంపించాను. మీ ఆయనను, అదే మా చెంచురామయ్య బావగారిని, వెళ్ళి తెచ్చుకోమను. అందులో నాలుగు డబ్బాలుంటాయి. పండక్కి పంపిన మిఠాయి అనుకుని పిల్లలు విప్పుతారేమో, జాగ్రత్త. అవి కెపాసిటర్లు. పొలం మోటార్ల పక్కన బిగిస్తారే, మనవైపు కండెన్సర్లంటారు, అవే.

అక్కడ నువ్వు చేసే పనేమిటే అని నువ్వు ప్రతిసారీ అడుగుతావు. ప్లాస్టిక్ కాగితాలు చేస్తాం అని నేను ప్రతిసారీ తప్పించుకుంటాను. ఈసారి సరిగ్గా చెబుతాను. ఆ డబ్బా లోపల ఉండేది చాపచుట్టలా చుట్టిన ఫిల్ము. పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌ను కరిగించి, చల్లటి రోలరు మీద పరిచి, నిలువుగా అడ్డంగా సాగదీసి, వెంట్రుక కంటే పల్చగా చేస్తాం. దాని మీద అల్యూమినియం ఆవిరి పూత. కరెంటును కాసేపు పట్టి ఉంచి మళ్ళీ వదలడం దాని పని. ఫిల్ములో ఎక్కడైనా బలహీనమైన చోటుంటే అక్కడ చిన్న మెరుపు మెరిసి, చుట్టూ ఉన్న పూత ఆవిరైపోతుంది. దాంతో ఆ చోటు తెగి పక్కకు పోతుంది, డబ్బా మాత్రం పనిచేస్తూనే ఉంటుంది. తన గాయం తనే మాన్పుకుంటుందన్నమాట. ఇది మొదటిసారి చూసిన రోజు నాకు అన్నం సయించలేదంటే నమ్ము.

మా కంపెనీ ఇప్పటిదాకా బయటి దేశం ఫిల్ము తెప్పించుకుంటోంది. అంతకంటే పల్చగా, అంతకంటే గట్టిగా మనమే చెయ్యగలమని నేనూ నాతో పనిచేసే ఇద్దరూ కొన్నేళ్ళుగా తలలు బద్దలుకొట్టుకుంటున్నాం. ల్యాబులో బ్రహ్మాండంగా నిలబడింది. మా మేనేజరు మాత్రం ‘ల్యాబులో కాదు, పొలంలో నిలబెట్టి చూపించు’ అంటాడు. ఎండలు ముదిరేలోపు చూపించలేకపోతే ఈ పని ఆపేసి మమ్మల్ని బిస్కెట్ పొట్లాల విభాగానికి పంపేస్తారు. నాకు బిస్కెట్లంటే ఇష్టమే గానీ జీవితాంతం వాటికి చొక్కాలు తొడగడం ఇష్టం లేదు.

పొలం అనగానే నాకు మన ఊరే గుర్తొచ్చింది. మీ మోటారుకు ఒకటి పెట్టుకో. మిగతావి నీకు తోచినవాళ్ళకు ఇవ్వు. యలమందయ్య బాబాయికి మాత్రం తప్పక ఒకటి ఇవ్వాలి. నాన్న పోయాక నన్ను ఒంగోలు కాలేజీలో చేర్పించడానికి చొక్కా ఇస్త్రీ చేయించుకుని మరీ వచ్చిన మనిషి ఆయన. డబ్బాల అడుగున ఒకటి నుంచి నాలుగు దాకా అంకెలున్నాయి. ఎవరికి ఏది ఇచ్చావో రాయి.

నీ
కౌసర్

కొత్తగొల్లపాలెం,
పర్చూరు మండలం
3 డిసెంబరు 1998

కౌసర్ దొరసానికి,

ఇక్కడ అందరం క్షేమం, ఒక్క మిరపతోట తప్ప. దానికి బొబ్బర తెగులు తగిలింది. మందులు కొట్టీ కొట్టీ మా ఆయన చొక్కాలు ఎన్ని ఉతికినా ఆ కంపు వదలడం లేదు.

నీ డబ్బాలు వచ్చాయి. ఒకటో నంబరు మాకు, రెండోది అబ్దుల్ ఖాదర్ అన్నకు, మూడోది మా మరిదికి, నాలుగోది యలమందయ్య బాబాయికి. మా మూడూ మోటారు మెకానిక్ ఆదాం వచ్చి బిగించి వెళ్ళాడు. బాబాయి డబ్బాను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, ‘ఇది మన హుస్సేన్ సాహెబు కూతురు చేసిందా!’ అని వచ్చేపోయేవాళ్ళందరికీ చూపించాడు. మీ నాన్న ఏకిన దూదితో కుట్టిన పరుపు మీదే ఇప్పటికీ పడుకుంటున్నాడట. ఆ మాట చెప్పి కళ్ళు తుడుచుకున్నాడు. నేనూ తుడుచుకున్నాను.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, నీ డబ్బా పెట్టాక మా మోటారు తీరే మారిపోయిందే. కరెంటు సరిగా లేనివేళ కూడా గుక్క తిప్పుకోకుండా తిరుగుతోంది. బజారు డబ్బాలైతే వారం తిరక్కుండానే ఉబ్బిపోయి వాసన కొట్టేవి. నీది చల్లగా ఉంది. అబ్దుల్ ఖాదర్ అన్న, ‘మన పిల్ల మనకోసమే చేసి పంపింది’ అని పొంగిపోతున్నాడు. నువ్వు బిస్కెట్లకు చొక్కాలు తొడగాల్సిన పనిలేదు. ధైర్యంగా ఉండు.

పెళ్ళి మాట ఏమైంది అని అడగమని మా అత్త అంటోంది. నేను అడగడం లేదు, ఆవిడ అడుగుతోందని చెబుతున్నానంతే.

రాజ్యం

కొత్తగొల్లపాలెం,
24 జనవరి 1999

కౌసర్‌కు,

ఎలా రాయాలో తెలియక రెండు కాగితాలు చింపేశాను. నీ డబ్బా పోయిందే. నిన్న మోటారు మూలిగి ఆగింది. వెళ్ళి చూస్తే డబ్బా కప్పలా ఉబ్బి ఉంది. అబ్దుల్ ఖాదర్ అన్నది అంతకు ముందే పోయిందట, నువ్వు బాధపడతావని మాకు చెప్పలేదు. నేను ఏమీ చెయ్యలేదు, ఒట్టు. రెండూ గోనెగుడ్డలో చుట్టి పార్సిల్ చేయించాను. మా మరిదిదీ, బాబాయిదీ బాగానే ఉన్నాయి.

మొదటి కోతకు కూలీలు వచ్చి ఉన్నారు. వాళ్ళకు అన్నాలు పంపించాలి. తర్వాత రాస్తాను.

రాజ్యం

నాసిక్,
5 ఫిబ్రవరి 1999

రాజ్యానికి,

డబ్బాలు అందాయి. రెండూ కోసి, ఫిల్ము మొత్తం ల్యాబు బల్లల మీద పరిచి చూశాం. నాకు ఏమీ అర్థం కావడం లేదు.

ఫిల్ము నాసిరకమైతే ఒకటి రెండు చోట్ల పెద్ద చిల్లి పడి మాడిపోవాలి. ఇది అలా పోలేదు. అద్దంలా మెరవాల్సిన పూత పురుగు తిన్న పత్తి ఆకులా ఉంది. ఈ చివర నుంచి ఆ చివర దాకా సూదిమొనంత గాయాలే, ఒక్కటీ వదలకుండా మానినవే. మానీ మానీ చివరికి పూతే మిగల్లేదు. మా ల్యాబులో వేడి గదిలో పెట్టి నెలల తరబడి నడిపినా ఇందులో పదో వంతు గాయాలు కనిపించవు. దీన్ని ఇంతలా హింసించింది ఏది? మీ ఊరి ఎండా? మిరపఘాటా? మందు తుంపరా? నా లెక్కే తప్పా?

కింద అడిగినవాటికి దాచకుండా జవాబు రాయి. డబ్బా మీద ఎండ పడుతుందా? తడుస్తుందా? మోటారు షెడ్డులో ఎండుమిరపకాయలు పోస్తారా? మందు డబ్బాలు దాని పక్కనే పెడతారా? ఆదాం దాన్ని విప్పాడా? లోపల ఏదైనా మార్చి, మంచిది తీసి ఇంకొకటి పెట్టలేదు కదా? నిజం చెప్పు. నా పని దీని మీదే ఆధారపడి ఉంది. మార్చి ఇరవై రెండో తారీఖున మీటింగు. అప్పటికి నా దగ్గర జవాబు లేకపోతే అంతే సంగతులు.

కౌసర్

కొత్తగొల్లపాలెం,
15 ఫిబ్రవరి 1999

కౌసర్ మేడమ్ గారికి,

పోలీసు స్టేషన్లో కూడా ఇన్ని ప్రశ్నలు వెయ్యరు. మీరు అడిగారు గనుక వరసగా చెబుతున్నాను. ఎండ పడదు, రేకుల షెడ్డు ఉంది. తడవదు, మనిషెత్తులో మేకుకు కట్టాం. మిరపకాయలు కల్లంలో పోస్తాం గానీ షెడ్డులో పొయ్యం. మిరపఘాటు అంటారా, అది మా ముక్కుల్లో, కళ్ళల్లో, పిల్లల పలకల మీద కూడా ఉంటుంది. మేమెవరమూ ఉబ్బలేదు.

ఆదాం డబ్బా విప్పలేదు. మీరు అడిగిన సంగతి అతనికి చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. ‘కౌసరమ్మ నన్ను దొంగననుకుందా’ అని టీ కూడా తాగకుండా లేచి వెళ్ళిపోయాడు. చిన్నప్పుడు బడికి పోయే దారిలో కాలవ దాటించినవాడు. మీకు గుర్తుందో లేదో.

మా మరిది డబ్బా కూడా మొన్న పోయింది. మిగిలింది యలమందయ్య బాబాయిది ఒక్కటే. సంతలో కనిపిస్తే అడిగాను. ‘బంగారంలా ఉందమ్మా, చెక్కు చెదరలేదు’ అన్నాడు. ఇది కూడా మీ కాగితాల్లో రాసుకోండి.

నువ్వు ఎంత కష్టపడుతున్నావో నాకు తెలుసే. కానీ ఇక్కడ నాకూ ఒక మీటింగు ఉంది, రోజూ తోటతో. రెండో కోతకు కాయ దిగింది. ఒక్క తడి తప్పితే కాయంతా తాలైపోతుంది. నీ డబ్బా పోయిన దగ్గర్నుంచి నీళ్ళు సరిగా అందడం లేదు. నీకు ఫిల్ము ఎందుకు పోయిందో కావాలి. నాకు తడి కావాలి. ఒకరి గోల ఒకరికి ఎక్కడం లేదు.

రాజ్యం

నాసిక్,
27 ఫిబ్రవరి 1999

ఒసే రాజ్యం,

తప్పయిపోయింది. ‘మేడమ్ గారికి’ అని నీ చేతిరాతలో చూసి ఏడుపొచ్చింది. ఆదాం కాళ్ళు పట్టుకున్నానని చెప్పు. కాలవ దాటించింది నేను మర్చిపోలేదు. ఈ గందరగోళంలో నాకు బుర్ర పనిచెయ్యడం లేదు, అంతే.

నీ ఉత్తరంలో ఒక్క మాట నన్ను నిద్రపోనివ్వలేదు. యలమందయ్య బాబాయి డబ్బా. అది నాలుగో నంబరు. ఆ నాలుగో దానికి ఒక సంగతుంది, నీకు చెప్పలేదు. మొదటి మూడింటిలో ఉన్నది వేడి ఫిల్మును గబుక్కున చల్లార్చి చేసిన రకం. నున్నగా వస్తుంది, నేను నమ్ముకున్నది దాన్నే. నాలుగోదాంట్లో ఉన్నది నెమ్మదిగా చల్లార్చిన రకం. కాస్త గరుకుగా ఉంటుంది, ల్యాబులో ఎప్పుడూ ముందు పోయేది అదే. పక్కన పెట్టి పోల్చి చూడ్డానికి మాత్రమే దాన్ని పంపాను. మంచివి మూడూ పోయి, పోవాల్సింది నిలబడింది!

పొద్దున్న ఒకలా, సాయంత్రం ఒకలా అనుకుంటున్నాను. నా పరీక్షలే తలకిందులుగా ఉన్నాయా? ల్యాబులో నున్నటిది గెలిచి, పొలంలో గరుకుది గెలవడమేమిటి? నాతో పనిచేసే కుర్రాడు ‘పొలం చెప్పిందే నిజం మేడమ్’ అన్నాడు. చివరికి నేనూ అదే అనుకుంటున్నాను. ఇన్నాళ్ళూ చేసింది పక్కన పడేసి, గరుకు రకమే చేద్దామని మీటింగులో చెప్పబోతున్నాను. చెబితే ఆ నున్నటి ఫిల్ము మళ్ళీ ఎవరూ చెయ్యరు. గుండె ఒప్పుకోవడం లేదు. కానీ బాబాయి మోటారు మీద నిలబడ్డదాన్ని నేనెలా కాదనను?

నువ్వు ఒక్క సాయం చెయ్యాలి. ఆ నాలుగో డబ్బా అడిగి తీసుకుని వెంటనే పంపు. కోసి చూస్తే గాయాలు ఎందుకు పడలేదో తెలుస్తుంది. బాబాయికి బదులుగా కొత్తది ఇస్తానని చెప్పు.

నీ
కౌసర్

కొత్తగొల్లపాలెం,
13 మార్చి 1999

ఒసే కౌసర్,

ఇది తొందరగా చేరాలని దేవుడికి దండం పెట్టుకుని రాస్తున్నాను. డబ్బా పంపడం లేదు. ఎందుకో చదువు.

నీ ఉత్తరం రాగానే బాబాయి ఇంటికి వెళ్ళాను. ‘డబ్బా కావాలి బాబాయ్, కౌసర్ అడిగింది’ అన్నాను. ఆయన మోటారు దగ్గరికి తీసుకెళ్తాడనుకున్నాను. ముందుగదిలోకి తీసుకెళ్ళాడు. టీవీ మీద పిన్ని అల్లిన లేసుగుడ్డ, దాని మీద ప్లాస్టిక్ పూల కూజా, కూజా పక్కన నీ డబ్బా! నిగనిగలాడుతోంది. బొట్టు కూడా పెట్టారు. ‘మోటారుకు పెట్టలేదా బాబాయ్’ అన్నాను. ఆయన నా వంక పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. ‘హుస్సేన్ సాహెబు కూతురు తన చేత్తో చేసి పంపిందమ్మా. తీసుకెళ్ళి బురదలో మోటారుకు కట్టి పాడుచేస్తామా?’ అన్నాడు. బంగారంలా ఉందంటే ఉండదా మరి? దానికి కరెంటు వాసనే తెలియదు.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నువ్వు నీ మంచి ఫిల్మును పడేస్తానన్నావు, అదీ టీవీ మీద కూర్చున్న డబ్బాను చూసుకుని! దాన్ని తియ్యబోతే ఆయన మొహం చిన్నబోయింది. అందుకే తేలేకపోయాను. తిట్టుకుంటే తిట్టుకో.

దారి పొడుగునా ఆలోచించాను. ఆయన పొలం కాలవ కింద ఉంది. అసలు మోటారు వెయ్యడమే తక్కువ. డబ్బా బిగించినా మాలాగా రెండు ఫేజుల మీద నడపాల్సిన గతి ఆయనకు పట్టలేదు. మేమంటే మోటారుకు కావలసిన మూడు ఫేజుల కరెంటు పోయాక కూడా నీళ్ళు తోడుకోవాలి కదా. ఇళ్ళకు రెండు ఫేజులే వదిలినప్పుడు, లేని మూడో దాని చోట ఈ డబ్బా పెట్టి ఆదాం మోటారును తిప్పుతాడు. ఇక్కడ అందరూ చేసేదే, నీకు తెలుసనుకున్నాను. కరెంటాఫీసు వాళ్ళకు తెలిస్తే తీగలు పీకేస్తారని మా ఆయన ఎక్కడా రాయొద్దన్నాడు గానీ, నీకు రాయకుండా ఉండడానికి అది కారణం కాదు. నిజంగా తట్టలేదే. అన్నం తింటున్నామని ప్రత్యేకంగా ఎవరైనా రాస్తారా?

ఇందులో నీకు పనికొచ్చేది ఉందో లేదో నాకు తెలియదు. బాబాయి డబ్బాను నమ్ముకుని మాత్రం ఏమీ చెప్పకు. మీటింగుకు ముందే ఇది చేరితే బాగుండును.

రాజ్యం

నాసిక్,
2 ఏప్రిల్ 1999

ఒసే రాజ్యం, నా తల్లీ,

చేరలేదే. మీటింగు అయిపోయిన మర్నాడు చేరింది.

అంతకు ముందురోజే పదిమంది ముందు నిలబడి, ‘ల్యాబు మాట నమ్మవద్దు, పొలం మాట నమ్ముదాం’ అని గొప్పగా చెప్పాను. గరుకు రకమే చేద్దామని అందరూ ఒప్పుకున్నారు. చప్పట్లు కూడా కొట్టారు. తెల్లారి నీ ఉత్తరం చదివి, క్యాంటీన్లో అందరి మధ్యా తల పట్టుకుని కూర్చున్నాను. మూడోసారి చదివేటప్పుడు నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయాను. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చాను. నాకు నా మీద వచ్చినంత కోపం ఎవరి మీదా రాలేదు. ‘కరెంటు సరిగా లేనివేళ కూడా తిరుగుతోంది’ అని నువ్వు మొదట్లోనే అన్నావు. నేను పొగుడుతున్నావనుకుని మురిసిపోయాను. ఎండ గురించి, తడి గురించి, ఆదాం గురించి అడిగాను గానీ, మీరు దాంతో ఏం చేస్తున్నారని ఒక్కసారి అడిగానా?

మేనేజరు గదికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. టీవీ మాట దగ్గర కుర్చీలో వెనక్కి వాలిపోయి నవ్వాడు. తర్వాత కళ్ళజోడు తుడుచుకుని ‘మరి మిగతా మూడూ?’ అన్నాడు. అది నేనూ అప్పుడే ఆలోచించాను. నాలుగువందల నలభై వోల్టులకు చేసిన డబ్బా అది. రెండు ఫేజుల మీద, లేని మూడో ఫేజును తెచ్చిపెట్టడానికి అంతకు మించిన వోల్టులు మొయ్యాలి. ఆదాం కట్టినట్టే ల్యాబులో కట్టి చూశాం. బయటి దేశం ఫిల్ము డబ్బా సాయంత్రానికి ఉబ్బింది. నున్నటిది ఇప్పటికీ మోటారును తిప్పుతూనే ఉంది. మీ మోటార్ల మీద అది ఓడిపోలేదే. దానికి చెప్పని పని కూడా చేస్తూ, తగిలిన ప్రతి దెబ్బా మాన్పుకుంటూ, పూత అయిపోయేదాకా మీకు నీళ్ళు తోడింది.

పొలంలో నడిచిందని రాయాలంటే ఏ ఊళ్ళో, ఎవరి మోటారు మీదో రాయాలట. ఆ కాగితం ఒకటి కరెంటాఫీసుకు వెళ్తుంది. రాయనన్నాను. ‘అయితే ఈ పరీక్ష లెక్కలోకి రాదు’ అన్నాడు. రాకపోతే పోయిందన్నాను. అయినా నున్నటి రకానికి ఇంకో పంటకాలం గడువిచ్చాడు. బిస్కెట్లు ప్రస్తుతానికి చొక్కాల్లేకుండానే ఉంటాయి. వచ్చేసారి ఏమవుతుందో నాకూ తెలియదు.

రెండు ఫేజుల మీద నడపడం మానెయ్యండి, మోటారు కాలిపోతుంది అని ఒక పేజీ రాశాను. నీ తడి మాట గుర్తొచ్చి చింపేశాను. తప్పేదో ఒప్పేదో తేల్చుకోలేకపోయాను. మీరు ఎలాగూ మానరు. అందుకని, వచ్చే సెప్టెంబరులో తోట వేసేవేళకు ఆ దెబ్బలకు తట్టుకునేలా మందం పెంచి చేసిన డబ్బాలు తీసుకుని నేనే వస్తాను. ఆదాం పక్కన కూర్చుని నా చేత్తో బిగిస్తాను. అతను టీ తాగేదాకా అక్కణ్ణుంచి లేవను. మీ అత్తకు పెళ్ళి మాటకు జవాబు కూడా అప్పుడే చెబుతాను.

నాలుగో డబ్బా జోలికి వెళ్ళకు. లేసుగుడ్డ మీదే ఉండనీ. ఇక్కడ నాకు చప్పట్లు కొట్టినవాళ్ళున్నారు గానీ, బొట్టు పెట్టినవాళ్ళు లేరు. లోపల ఉన్నది పనికిరాని ఫిల్మని మాత్రం బాబాయికి ఎప్పుడూ చెప్పకు.

నీ
కౌసర్